లెక్క రాత్రి నుంచి మొదలుపెట్టాలి: లైను రాని తోట ఇంటికి సోలార్ కరెంటు

మా తోట కదిరి దగ్గర ఉంది. బత్తాయి చెట్లు, కొంచెం వేరుశనగ. బోరుకు వ్యవసాయ లైను ఉంది. పగలు 9 గంటలు ఉచితంగా వస్తుంది, తర్వాత పోతుంది. అది మోటారుకు ఇచ్చిన లైను, ఇంటికి వాడుకోకూడదు. వాడుకున్నా రాత్రి పూట అందులో కరెంటు ఉండదు. ఊళ్లో ఇళ్లకు వచ్చే లైను మా తోట దాకా రావాలంటే మధ్యలో బోలెడన్ని స్తంభాలు నాటాలి. అమ్మ, నాయన ఊళ్లో ఇల్లు వదిలి తోటలోనే ఉంటామన్నప్పుడు సోలార్ తప్ప వేరే దారి కనిపించలేదు. మాకు పెద్ద దూరం లేని నంబులపూలకుంటలో దేశంలోని పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి ఉంది. ఎన్టీపీసీ 2016లో అక్కడ 250 మెగావాట్లతో మొదలుపెట్టింది. అంత ఎండ కాసే నేల మీద రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు నడపడం ఎంత పని అనుకున్నాను.

టౌనులో ఒక షాపుకు వెళ్లి 'ఒక కిలోవాట్ సోలార్' కావాలని అడిగాను. 335 వాట్ల ప్లేట్లు మూడు, 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలు రెండు, ఒక ఇన్వర్టర్ ఇచ్చారు. ఇంట్లో ఏమేమి ఉన్నాయని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. మొదటి చలికాలం బాగానే గడిచింది. వేసవికి ఫ్రిజ్జు కొన్నాం. అక్టోబరులో తుఫాను ముసురు పట్టింది. రెండో రాత్రి ఒంటిగంటకు ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది, అరగంటకు ఫ్యాన్లు ఆగిపోయాయి. ఏడాదిన్నర తిరిగేసరికి ముసురు లేని రోజుల్లో కూడా రాత్రి పది దాటితే చీకటే. అమ్మ ఫోనులో అడిగింది: "ప్లేట్లు పెద్దవే వేయించినావు కదప్పా, అయినా ఎందుకు చాలడం లేదు?"

ప్లేట్లు పెద్దవే. లెక్కే తలకిందులుగా వేశాను. ముందు ప్లేట్లు కొని, మిగిలిన డబ్బుకు ఎన్ని వస్తే అన్ని బ్యాటరీలు తెచ్చి, ఇంట్లో ఏది కావాలంటే అది తగిలించాం. సరైన వరస దీనికి పూర్తిగా ఎదురు. ముందు ఇంటి వాడకం, తర్వాత అందులో రాత్రి వాటా, తర్వాత ఏడాదిలో అన్నిటికంటే మబ్బు పట్టే రోజులు, చివరికి ప్లేట్లు. రెండోసారి అలాగే చేశాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

వాట్లు వేరు, యూనిట్లు వేరు

చాలా మంది తడబడేది ఇక్కడే కాబట్టి దీన్ని దాటవేయను. బోరు వేసినప్పుడు మా వైపు "రెండించుల నీళ్లు పడ్డాయి" అంటారు. అది నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయో చెప్పే మాట. ఎన్ని ఎకరాలు తడుస్తాయన్నది మోటారు ఎన్ని గంటలు ఆడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. వాట్ అంటే ఆ జోరు. యూనిట్ అంటే మొత్తం పారిన నీళ్లు. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 600 వాట్ల మిక్సీ చూడటానికి రాక్షసిలా ఉంటుంది గానీ రోజుకు పది నిమిషాలు ఆడితే తినేది 100 వాట్-గంటలే, అంటే యూనిట్‌లో పదో వంతు. 8 వాట్ల వైఫై డబ్బా రోజంతా వెలుగుతూ 192 తింటుంది, మిక్సీకి దాదాపు రెండింతలు. వాట్లను బట్టి ఇన్వర్టర్ సైజు తేలుతుంది, యూనిట్లను బట్టి బ్యాటరీ, ప్లేట్ల సైజు తేలుతుంది. ఈ రెండింటినీ కలిపేస్తే ఏదీ కుదరదు.

మా ఇంటి పట్టిక, రోజుకు వాట్-గంటల్లో, ఇలా వచ్చింది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు అయిదు, ఒక్కొక్కటి సగటున నాలుగు గంటలు: 180. ఫ్యాన్లు రెండు, రోజుకు 12 గంటలు. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు, అంటే రెండింటికీ 1800. వాటి బదులు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెడితే ఒక్కోటి 30 వాట్లు, మొత్తం 720. చిన్న ఫ్రిజ్జుకు 900. టీవీ 200, వైఫై 192, రెండు ఫోన్లు 30, మిక్సీ 100. ఇంటి మీద ట్యాంకుకు నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారు ఇరవై నిమిషాలకు 200. బీఎల్‌డీసీ ఫ్యాన్లతో మొత్తం 2,522 వాట్-గంటలు, రెండున్నర యూనిట్లు అనుకోండి.

ఇక్కడితో ఆగితే మళ్లీ మోసపోతాం. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు ఇన్వర్టర్ దాదాపు పదో వంతు తినేస్తుంది. అప్పుడు బ్యాటరీ నుంచి తీయాల్సింది 2.8 యూనిట్లవుతుంది. ఇది కాక ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే 20 వాట్లు తాగుతుంది. 24 గంటలకు 480. మొత్తం 3.3 యూనిట్లు. అంటే ఏ బల్బూ వెలగకపోయినా రోజుకు అర యూనిట్ పోతుంది. 'ఎందుకైనా మంచిది' అని 5 కిలోవాట్ల ఇన్వర్టర్ కొనేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి. అలాంటి వాటిలో కొన్ని ఊరికే 50 వాట్లు లాగుతాయి, రోజుకు 1.2 యూనిట్లు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 'నో లోడ్' అని రాసి ఉంటుంది. ధర అడిగే ముందు ఆ అంకె అడగండి.

ఫ్యాన్ల దగ్గర మరో మాట. పాత ఫ్యాన్లే ఉంచుకుంటే రోజుకు 1080 వాట్-గంటలు అదనం. దాన్ని పుట్టించడానికి దాదాపు ఇంకో పెద్ద ప్లేటు, అందులో రాత్రి వాటాను దాచుకోవడానికి ఇంకో బ్యాటరీ కావాలి. రెండు కొత్త ఫ్యాన్లకు అయ్యే ఖర్చు అందులో చాలా చిన్న భాగం. లైను లేని ఇంట్లో కరెంటు పుట్టించడం కంటే మిగల్చడమే చవక, ఎప్పుడూ. వేడి పుట్టించే వస్తువులను మేం ఈ లెక్కలోకే రానివ్వలేదు. గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ ఒక్కోటి 1000 నుంచి 2000 వాట్లు లాగుతాయి. వంట గ్యాసు మీద. వేడినీళ్లకు గాజు గొట్టాల సోలార్ హీటర్ ఉంది, దానికి కరెంటుతో పని లేదు.

రాత్రి, ఆ తర్వాత ముసురు

పగలు ఎండ ఉండగా వాడే కరెంటు ప్లేట్ల నుంచి నేరుగా ఇంట్లోకి వస్తుంది. రాత్రి వాడేది బ్యాటరీలోంచి రావాలి. తోట ఇంట్లో పగలు ఇద్దరూ చెట్ల మధ్యే ఉంటారు. ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ పొద్దు కూకాకే. మొదటి సిస్టమ్‌లో పాత ఫ్యాన్లు, ఫ్రిజ్జు, ఇన్వర్టర్ తిండి కలిపి రాత్రికి దాదాపు 2.8 యూనిట్లు అయ్యేది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండంటే, వోల్టులను ఏహెచ్‌తో హెచ్చవేసి చూస్తే, కాగితం మీద 3.6 యూనిట్లు. సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ లెడ్ యాసిడ్ (సీసం, యాసిడ్ ఉండే మామూలు రకం) బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. చేస్తే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. అంటే మాకు నిజంగా ఉన్నది 1.8 యూనిట్లే. రోజూ 80 శాతం దాకా పీల్చేశాం.

అది ఒక్కటే కాదు. వాటిని రేకుల షెడ్డులో పెట్టాం. మా వైపు వేసవిలో ఆ షెడ్డు లోపల వేడి 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుంది. పగలు పూర్తిగా నిండకుండానే మళ్లీ రాత్రి వచ్చేది. సగం నిండిన బ్యాటరీ అలాగే రోజుల తరబడి ఉంటే లోపల సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జ్ చేసినా లోపలికి తీసుకోదు. డిస్టిల్డ్ వాటర్ పోయాలని షాపులో చెప్పారు గానీ ఎన్నాళ్లకు, ఎంత అన్నది మేం పట్టించుకోలేదు. నాలుగు తప్పులు కలిసి ఏడాదిన్నరలో వాటిని చంపేశాయి.

బ్యాటరీ మీద రాసిన ఏహెచ్ అంకె దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టే మామూలు బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని ఉంటే అది 'సీ20' లెక్క. 20 గంటల పాటు మెల్లగా, 7.5 ఆంపియర్ల చొప్పున లాగితే అంత ఇస్తుందని అర్థం. అంతకంటే వేగంగా లాగితే అంత ఇవ్వదు. సోలార్ కోసం చేసే వాటికి 'సీ10' అని ఉంటుంది, అది పది గంటల లెక్క. రెండూ 150 అనే చెప్తాయి, ధరలో తేడా ఉంటుంది. చవకగా వచ్చిందని మేం కొన్నది మొదటి రకం.

రెండోసారి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ తీసుకున్నాం. 51.2 వోల్టులు, 100 ఏహెచ్, అంటే 5.1 యూనిట్లు. దీన్ని 90 శాతం దాకా వాడినా ఇబ్బంది లేదు కాబట్టి చేతికి వచ్చేది 4.6 యూనిట్లు. మా రోజువారీ 3.3తో చూస్తే ఎండ అసలే లేకపోయినా ఒక పగలు, ఒక రాత్రి, ఇంకొంచెం. ఇదే నిల్వ లెడ్ యాసిడ్‌లో కావాలంటే 200 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు పెట్టాలి. అప్పుడు కూడా రెండు మూడేళ్లకో, జాగ్రత్తగా చూసుకుంటే అయిదేళ్లకో మార్చాలి. లిథియం మంచి కంపెనీది వేల సైకిళ్లు వస్తుంది, అంటే అన్నిసార్లు నిండి ఖాళీ అవుతుంది. కొనేటప్పుడు ధర ఎక్కువే. పదేళ్లకు భాగించి చూస్తే నాకు ఇదే తక్కువ పడింది. చేతిలో ఒకేసారి అంత డబ్బు లేని వాళ్లు లెడ్ యాసిడ్ పెట్టుకోవడం తప్పేమీ కాదు, సగం లెక్క మాత్రం మరచిపోకూడదు.

మరి నాలుగు రోజుల ముసురు పడితే? అంతకూ సరిపోయే బ్యాటరీ కొనడం దండగని నా అభిప్రాయం. మా ప్రాంతంలో అలాంటి రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేవే. అంత పెద్ద బ్యాటరీ మిగతా మూడు వందల యాభై రోజులూ నిండా నిండి ఊరికే కూర్చుంటుంది. ఆ రోజుల్లో టీవీ కట్టేస్తాం, ఫ్రిజ్జు ఖాళీ చేసి ఆపేస్తాం. ఫ్రిజ్జు, టీవీ పోతే వాడకం 3.3 నుంచి 2 యూనిట్లకు దిగుతుంది, మబ్బులోనూ ప్లేట్లు కొద్దో గొప్పో ఇస్తూనే ఉంటాయి. అప్పటికీ చాలకపోతే పక్క తోట వాళ్ల చిన్న పెట్రోల్ జనరేటర్ రెండు గంటలు. ఏజెన్సీ కొండల్లో వానలు వారాల తరబడి ఉంటాయి కాబట్టి అక్కడి లెక్క వేరు. దానికి తర్వాత వస్తాను.

ప్లేట్లు ఎన్ని?

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటున రోజుకు అయిదున్నర 'పూర్తి ఎండ గంటలు' వస్తాయి. పొద్దున నుంచి సాయంత్రం దాకా కాసే లేత ఎండ, ముదురు ఎండ అన్నీ కలిపితే నడినెత్తి ఎండ అయిదున్నర గంటలు కాసినంత అన్నమాట. సగటును నమ్ముకుని కడితే సగం ఏడాది సుఖం, సగం ఏడాది టెన్షన్. మబ్బు నెలలను లెక్కలోకి తీసుకుని నేను నాలుగు గంటలే వేసుకున్నాను.

ప్లేటు మీద రాసిన వాట్లు కూడా మన ఎండలో రావు. ఆ అంకె ఫ్యాక్టరీలో ప్లేటు లోపలి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ప్లేటు లోపల 65 డిగ్రీలు ఉంటుంది. ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది కాబట్టి 40 డిగ్రీల తేడాకు 14 శాతం అక్కడే పోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది నిజం, వేడి ఎక్కువైతే తగ్గుతుందన్నదీ నిజమే. అందుకే ప్లేట్లను రేకుకు అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా స్టాండు మీద పెట్టాలి. దీనికి దుమ్ము, వైర్లు, చార్జ్ కంట్రోలర్ (ప్లేట్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే డబ్బా), బ్యాటరీలో పోయేవి కలిపి, రాసిన దానిలో 70 శాతమే వస్తుందనుకుంటే మోసపోం.

ఇక లెక్క సులువు. 540 వాట్ల ప్లేట్లు రెండు పెడితే: 1.08ని నాలుగు గంటలతో, 0.7తో హెచ్చవేస్తే 3 యూనిట్లు. మనకు కావాల్సింది 3.3. చాలదు. మూడు పెడితే 4.5 యూనిట్లు. మిగిలే 1.2 యూనిట్లు దండగ కాదు. ముసురు తర్వాత ఖాళీ అయిన బ్యాటరీని మళ్లీ నింపేది ఆ మిగులే. మబ్బు నెలల్లో దానికి దాదాపు నాలుగు రోజులు పడుతుంది, ఎండ బాగుంటే రోజున్నర. వాడకానికి సరిగ్గా సమానంగా ప్లేట్లు పెడితే ఒకసారి ఖాళీ అయిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు. మా మొదటి సిస్టమ్‌కు పట్టిన గతి అదే.

ప్లేట్లు దక్షిణం వైపు, దాదాపు 15 డిగ్రీల వాలుతో పెట్టాం. మన అక్షాంశం ఎంతో వాలు అంత అన్నది మామూలు లెక్క. బోరు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్ల ఉప్పు మరకలు కట్టి కూర్చుంటాయి. పొద్దున్నే ప్లేట్లు చల్లగా ఉన్నప్పుడు వాననీళ్లతోనో, తాగే నీళ్లతోనో తుడవడం మేలు.

మూడు ప్లేట్ల చిక్కు

ఇప్పుడు చెప్పేది ఎలక్ట్రీషియన్లు కూడా తప్పు చేసే చోటు. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు వోల్టేజ్ ఎందుకు పెంచాలో చూద్దాం. ప్లేట్లకూ బ్యాటరీకీ మధ్య 10 మీటర్ల దూరం ఉందనుకోండి. 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు వేశారు. 500 వాట్లు పంపాలి. 12 వోల్టుల మీద పంపితే దాదాపు 42 ఆంపియర్లు పారాలి. పోను, రాను దారిలో 3.6 వోల్టులు వైరులోనే వేడిగా పోతుంది, అంటే 30 శాతం. అదే 24 వోల్టులైతే 7.5 శాతం, 48 అయితే 2 శాతం లోపు. వోల్టేజ్ రెండింతలు చేస్తే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే రెండోసారి 48 వోల్టుల సిస్టమ్ పెట్టాం. మా 51.2 వోల్టుల బ్యాటరీని వాడుకలో 48 వోల్టులదనే అంటారు.

రెండోది చార్జ్ కంట్రోలర్. పాత దాంట్లో పీడబ్ల్యూఎం రకం ఉండేది. అది ప్లేటును తీసుకెళ్లి నేరుగా బ్యాటరీకి కట్టేసినట్టే. మా 335 వాట్ల ప్లేటు 37 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇస్తుంది. దాన్ని 12 వోల్టులవి రెండు వరసగా కలిపిన, 26 వోల్టుల దగ్గరున్న బ్యాటరీ జోడీకి కట్టేస్తే ఆంపియర్లు పెరగవు, వోల్టేజ్ మాత్రం పడిపోతుంది. 26ను 9తో హెచ్చవేస్తే 234 వాట్లు. ఒక్కో ప్లేటుకు 100 వాట్ల చొప్పున మొదటి రోజు నుంచే పోగొట్టుకున్నాం. ఎంపీపీటీ రకం ఆ అదనపు వోల్టేజ్‌ను ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. ధర ఎక్కువే, ఇంత నష్టం చూశాక నాకు రెండో ఆలోచన రాలేదు.

మూడోది అసలు ప్రమాదం. 48 వోల్టుల బ్యాటరీ నిండటానికి 56 వోల్టుల దాకా కావాలి. 540 వాట్ల ప్లేటు ఒక్కటి పనిలో ఇచ్చేది 41 వోల్టులే, కాబట్టి ప్లేట్లను సిరీస్‌లో, ఒకదాని తోక ఇంకోదానికి కలపాలి. ఏ లోడూ లేనప్పుడు ఒక్కో ప్లేటు వోల్టేజ్ 49.5. మూడు కలిపితే 148.5. కంట్రోలర్ మీద '150 వోల్టులు గరిష్ఠం' అని రాసి ఉంటుంది. సరిగ్గా సరిపోయిందని కొనేస్తారు. కానీ ఆ 49.5 కూడా 25 డిగ్రీల దగ్గరి అంకె. ప్లేటు చల్లబడితే వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. మా దగ్గర డిసెంబరులో తెల్లవారుజామున 15 డిగ్రీలు మామూలే. ప్లేట్ల మీద తొలి ఎండ పడే క్షణంలో 152 వోల్టులు దాటుతుంది. లంబసింగి లాంటి చోట 5 డిగ్రీల చలిలో అయితే 156. ఎండాకాలమంతా బాగా పనిచేసిన కంట్రోలర్ చలికాలం పొద్దున ఏ కారణం లేకుండా కాలిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. వారంటీ కూడా సాధారణంగా రాదు, గరిష్ఠం దాటిన సంగతిని కొన్ని కంట్రోలర్లు గుర్తుపెట్టుకుంటాయి కూడా. మేం 250 వోల్టులు తట్టుకునేది తీసుకున్నాం. 1,620 వాట్లను 51తో భాగిస్తే 32 ఆంపియర్లు, కాబట్టి 40 ఆంపియర్లది చాలు.

ఇన్వర్టర్ 3 కేవీఏ (కిలోవాట్‌కు దగ్గరి కొలత), ప్యూర్ సైన్ వేవ్, అంటే లైనులో వచ్చేలాంటి కరెంటే ఇచ్చే రకం. రోజూ కలిసి నడిచేవన్నీ కూడినా 1500 వాట్లు దాటవు. కానీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే నాలుగైదు రెట్లు లాగుతుంది. ఫ్రిజ్జు కంప్రెసరుదీ అదే గుణం. ఆ ఒక్క క్షణం తట్టుకోవడానికే ఈ సైజు. అయినా మోటారు, మిక్సీ ఒకేసారి వేయొద్దని అమ్మకు చెప్పాను. రెండూ మధ్యాహ్నమే వేస్తుంది, అప్పుడు బ్యాటరీ జోలికి పోకుండా ఎండలోంచే కరెంటు వస్తుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకు కూడా ఒక బ్యాటరీయే అనుకోవాలి. పగలు నింపుకుంటే రాత్రికి మోటారుతో పని ఉండదు. బత్తాయికి నీళ్లు పెట్టే పెద్ద మోటారును ఈ సిస్టమ్ మీద వేయాలని ఆలోచించకండి. లైను లేని బోర్ల కోసం పీఎం కుసుమ్ కింద బ్యాటరీ లేని సోలార్ పంపులు వేరే ఉన్నాయి.

టౌనులో ఉన్నవాళ్లు చాలా మంది దీన్ని పీఎం సూర్య ఘర్ పథకంతో కలిపేసి అడుగుతున్నారు. 2024లో వచ్చిన ఆ పథకం లైను ఉన్న ఇళ్లకు. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. పగలు మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రి లైనులోంచి వస్తుంది. బ్యాటరీ లేకుండా పెట్టే మామూలు సిస్టమ్ కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా. ఇంటి ముందు లైను ఉన్నవాళ్లు మాలా బ్యాటరీల దారి పట్టాల్సిన పని లేదు, దాన్నే పెట్టుకోవడం మంచిది.

గాలి సంగతి, గెడ్డ సంగతి

కదిరి, రామగిరి వైపు కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. అంత గాలి ఉన్నప్పుడు ఇంటి మీద చిన్నది పెట్టుకోవచ్చు కదా అని నాయన అడిగాడు. గాలి బలం దాని వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం ఎనిమిదో వంతు. రెక్కలు తిరిగే వలయం వెడల్పు 2 మీటర్లున్న మర సెకనుకు 6 మీటర్ల గాలిలో దాదాపు 120 వాట్లు ఇస్తుంది. 3 మీటర్ల గాలిలో 15 వాట్లే. కొండ మీది మరలు ఎంతో ఎత్తున, అడ్డు లేని గాలిలో తిరుగుతాయి. మా ఇంటి కప్పు మీద చుట్టూ బత్తాయి చెట్లు, పక్కనే చింతచెట్టు. అక్కడ గాలి సుడి తిరుగుతుంది గానీ నిలకడగా వీచదు. ఎత్తయిన స్తంభం, దాని తీగలు, ఏడాదికోసారి దించి బేరింగులు చూడటం, ఇంత పని చేస్తే వచ్చేది ఇంకో ప్లేటు ఇచ్చే దానికంటే తక్కువ. నాయనకు ఇదే చెప్పాను, ఒప్పుకున్నాడు.

నీళ్ల సంగతి అలా కాదు. పాడేరు, చింతపల్లి వైపు కొండల్లో ఇల్లు ఉండి పైనుంచి గెడ్డ, అంటే కొండవాగు, పారుతుంటే ప్లేట్ల కంటే ముందు దాన్ని చూడాలి. 20 లీటర్ల బకెట్టు 4 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. ఆ నీళ్లు పైపులో 20 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వాటి బలం 980 వాట్లు. చిన్న టర్బయిన్, జనరేటర్ కలిసి అందులో సగం పట్టుకున్నా 490 వాట్లు. కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ అది రాత్రీ పగలూ ఆగదు. 24 గంటలకు 11.8 యూనిట్లు. మా మూడు ప్లేట్లు మబ్బు నెలలో ఇచ్చే దానికి రెండున్నర రెట్లు, పెద్ద బ్యాటరీ అక్కర లేకుండా. పైగా మబ్బు పట్టి ప్లేట్లు పడుకునే ఆషాఢ, శ్రావణాల్లోనే గెడ్డ నిండుగా పారుతుంది. గెడ్డ సన్నబడే వేసవిలో ఎండ దండిగా ఉంటుంది. ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి పెరుగుతుంది కాబట్టి అక్కడ రెండూ చిన్నవి పెట్టుకోవడమే సరైన పద్ధతి. కొలిచేది మాత్రం వానాకాలంలో కాదు, ఏప్రిల్‌లో. పైపు సన్నది వేస్తే బలమంతా రాపిడిలోనే పోతుంది. ఇంట్లో వాడకం లేనప్పుడు టర్బయిన్ అదుపు తప్పి తిరగకుండా మిగులు కరెంటును నీళ్లు కాచే హీటరుకు మళ్లించే కంట్రోలర్ తప్పనిసరి.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చిపోతుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు పుట్టే మంట తనంతట తనే ఆరిపోతుంది. ప్లేట్ల నుంచి వచ్చే డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) అలా సున్నాకు రాదు. మామూలు ఇంటి ఎంసీబీని (కరెంటు మితిమీరితే తనంతట తనే పడిపోయే స్విచ్‌ని) దాని మీద పెడితే ట్రిప్ అయినా లోపల మంట ఆగకుండా కాలుతూనే ఉంటుంది. మా పాత షెడ్డులో అదే ఎంసీబీ కరిగి నల్లబడి కనిపించింది. ఏదో ఒక రోజు షెడ్డు అంటుకునేదేమో. డీసీ అని రాసి ఉన్నదే, ప్లేట్ల వోల్టేజ్‌కు తగినదే పెట్టాలి. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తాయి. పానా జారి రెండు టెర్మినల్స్ మీద పడినా చాలు. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు 25 ఎస్‌క్యూ ఎంఎం వైరు, పొట్టిగా, వైరు చివర తొడిగే లగ్గులు మెషీన్‌తో క్రింప్ చేయించి (నొక్కించి) వేశాం. సుత్తితో నొక్కిన లగ్గు వేడెక్కుతుంది. ప్లేట్ల స్టాండుకు ఎర్త్, పిడుగుల కోసం సర్జ్ ప్రొటెక్టర్. లెడ్ యాసిడ్ పెట్టేవాళ్లు పడుకునే గదిలో పెట్టకండి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

కొత్త బ్యాటరీ ఇంటి ఉత్తరం గోడ లోపలి వైపు, నీడలో ఉంది. దాని పక్కనే చిన్న మీటరు. లిథియంలో 90 శాతం ఉన్నా, 30 శాతం ఉన్నా వోల్టేజ్ దాదాపు ఒక్కలాగే ఉంటుంది కాబట్టి వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపలికి పోయిన, బయటికి వచ్చిన ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మీటరు కావాలి. నాయన పడుకునే ముందు ఆ శాతం చూసి క్యాలెండరులో తేదీ పక్కన పెన్సిల్‌తో రాస్తాడు. 50 కంటే తక్కువుంటే టీవీ ప్లగ్గు తీసేసి పడుకుంటాడు. నిరుడు అక్టోబరు ముసురులో అలా మూడు రాత్రులు తీశాడు. ఫ్యాన్లు ఆగలేదు.